పదింట ఒకడు: ఒక ఆంగ్ల క్రియాపదం కథ

మనుషులు వలస పోయినట్లే మాటలు కూడా వలస పోతాయి. పోయినచోట వేషం మార్చుకుంటాయి, కొత్త చుట్టరికాలు కలుపుకుంటాయి, కొన్నాళ్ళకు పుట్టినింటివారు చూచినా పోల్చుకోలేనంతగా మారిపోతాయి. తోటలలో పనికి ఓడలెక్కి వచ్చిన తెలుగువారి సంతతి అయిన మనకు ఈ సంగతి ఎవరో చెప్పవలసిన పని లేదు. అటువంటి ఒక మాట చరిత్రను ఈసారి పాఠకుల ముందు ఉంచుతున్నాము. అది తెలుగు మాట కాదు, ఆంగ్ల క్రియాపదం. దాని పేరు 'డెసిమేట్'.

తుఫాను చెరకు తోటలను డెసిమేట్ చేసిందనీ, రోగం పశువులను డెసిమేట్ చేసిందనీ ఆంగ్ల పత్రికలలో చదువుతుంటాము. చాలా భాగం నాశనమైందని మనం అర్థం చేసుకుంటాము. అది నేటి అర్థం. పుట్టినప్పుడు ఆ మాట ఒక మరణశిక్షకు పేరు. ఆ శిక్షలో పదిమందికి ఒక్కడే చస్తాడు, తొమ్మిదిమంది మిగులుతారు. ఒకడి చావును చెప్పిన మాట ఎక్కువమంది చావును చెప్పే మాటగా ఎట్లా మారింది? ఆ మార్పు తప్పని ఎవరన్నారు, ఒప్పని ఎవరన్నారు? ఈ తగాదా గట్టిగా జరిగిన దేశం అమెరికా సంయుక్త రాష్ట్రాలు. అయితే కథ మొదలైనది రోములో.

రోము సైన్యంలో చీటీ

లాటిను భాషలో 'దెకెమ్' అంటే పది. మన 'దశ' శబ్దానికీ దానికీ మూలం ఒక్కటే. సైన్యంలో ఒక పటాలం యుద్ధభూమి నుండి పారిపోయినా, తిరుగుబాటు చేసినా అందరినీ చంపితే సైన్యమే మిగలదు. ఎవరినీ చంపకపోతే భయం మిగలదు. ఈ చిక్కును రోము సేనానులు లెక్కతో విడదీశారు. చీటీలు వేసి సుమారు పదింట ఒకరిని ఎంచుకొని, తోటి సైనికుల చేతనే కర్రలతో కొట్టించి చంపించేవారు. బ్రతికినవారికి గోధుమలకు బదులు బార్లీ గింజలు కొలిచి ఇచ్చేవారు. వారు శిబిరం గోడకు వెలుపల, రక్షణ లేనిచోట గుడారాలు వేసుకోవలసి వచ్చేది. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ ఈ పద్ధతిని వివరించాడు.

క్రీ.పూ. 471లో వోల్సీ జాతితో జరిగిన యుద్ధంలో సేన చెదిరిపోగా, అప్పియస్ క్లాడియస్ ఈ శిక్ష విధించాడని లివీ రాశాడు. తరువాత ఇది చాలాకాలం వాడుకలో లేదు. క్రీ.పూ. 71లో క్రాసస్ దీనిని మళ్ళీ బయటికి తీశాడు. ఆ యుద్ధం ఎవరి మీదనో మనం గమనించాలి. స్పార్టకస్ నాయకత్వాన సంకెళ్ళు తెంచుకున్న బానిసల మీద. వారి ముందు నిలవలేక మొదట పారిపోయిన 500 మంది సైనికులను పదేసి మంది చొప్పున 50 జట్లుగా విభజించి, జట్టుకు ఒకరిని చీటీ వేసి చంపించాడని ప్లూటార్క్ చెప్పాడు. అంటే 50 మంది.

చచ్చినవాడి తప్పు ఏమిటి? తోటివారందరూ చేసినదే. వాడికి చీటీ పడింది, అంతే. ఈ శిక్షలోని అసలు క్రూరత్వం చావులో కంటే కొట్టేవారిలో ఉన్నది. నిన్న ఒకే పళ్ళెంలో తిన్నవాడిని నేడు తన చేతితో కొట్టాలి. మన తాతముత్తాతల తోటలలో దొర బెత్తం చాలాసార్లు సర్దారు చేతిలో ఉండేది. ఆ సర్దారు తరచుగా మనవాడే. శిక్షకు లెక్క పెట్టడం కూడా వారు ఎరుగనిది కాదు. 19వ శతాబ్దపు మారిషస్‌లో ఒకనాడు పనికి రాకపోతే రెండునాళ్ళ జీతం కోసేవారు. దానిని 'డబుల్ కట్' అన్నారు. ప్రాణానికీ జీతానికీ సాపత్యం లేదు. అయినా మనిషిని అంకెగా చూడటమనే అలవాటు రెండు చోట్లా ఒకటే.

ఇంగ్లాండులో పన్ను

ఈ మాట ఆంగ్లంలోకి వచ్చింది 1600 ప్రాంతంలో.  మాటకు రెండు పనులు దొరికాయి. ఒకటి, రోము చరిత్ర చెప్పడం. రెండవది, పంటలోనో ఆదాయంలోనో పదవ వంతు తీసుకోవడం. చర్చికి ఇచ్చే దశమభాగం వంటిదన్నమాట. 1655లో క్రామ్‌వెల్ ప్రభుత్వం తన శత్రువులైన రాజపక్షం వారి ఆదాయం మీద పదవ వంతు పన్ను వేసింది. దానికి పెట్టిన పేరు 'డెసిమేషన్'. ఆ శతాబ్దంలోనే కొందరు రచయితలు లెక్కను వదిలివేసి, 'పెద్ద ఎత్తున నాశనం చేయు' అనే అర్థంలో ఈ క్రియను వాడసాగారు. అంటే వదులు అర్థం నిన్నమొన్నటిది కాదు, మూడు వందల యాభై ఏండ్ల నాటిది. అయినా అప్పుడు ఎవరూ పెద్దగా ఆక్షేపించలేదు.

అమెరికాలో తగాదా

1828లో నోవా వెబ్‌స్టర్ తన పెద్ద అమెరికన్ నిఘంటువును వెలువరించాడు. అమెరికన్ల ఆంగ్లానికి ఇంగ్లాండు అనుమతి అక్కరలేదని చాటినవాడు ఆయన. అయినా ఈ క్రియ దగ్గర పాత లెక్కను వదలలేదు. దశమభాగం తీసుకోవడం, చీటీ వేసి పదవవాడిని చంపడం, ప్రతి పదవదానిని తీసుకోవడం అని ఆయన ఇచ్చిన అర్థాలన్నింటిలోనూ పది ఉన్నది.

తరువాత 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధం జరిగింది. నీగ్రో బానిసత్వం ఉండాలా పోవాలా అన్న ప్రశ్న మీద దేశం రెండుగా చీలింది. ఆరు లక్షల ఇరవై వేలమంది సైనికులు చనిపోయారని చాలాకాలం చెప్పుకున్నారు. ఈ శతాబ్దపు పరిశోధకులు ఆ సంఖ్యను ఇంకా పెంచారు. యుద్ధభూమి నుండి తంతి ద్వారా వార్తలు పంపే విలేఖరులకు అంత చావును చెప్పడానికి ఒక బరువైన మాట కావలసి వచ్చింది. ఫలానా పటాలం డెసిమేట్ అయిందని రాశారు. ఒక ఉదాహరణ చూద్దాము. 1863 జూలై 2న గెటిస్‌బర్గ్ యుద్ధంలో మిన్నెసోటా మొదటి పటాలం నుండి 262 మంది శత్రువు మీదికి దూకగా, 215 మంది చనిపోవడమో గాయపడటమో జరిగిందని చరిత్ర పుస్తకాలు చెబుతున్నాయి. పదవ వంతు అయితే 26 మంది కావాలి. పడినవారు పదింట ఎనిమిదిమంది. పాత అర్థంలో ఆ మాట వేస్తే జరిగిన దానిని ఎంతో తక్కువ చేసి చెప్పినట్లు.

దీనిని పట్టుకున్నవాడు రిచర్డ్ గ్రాంట్ వైట్. న్యూయార్క్ నివాసి, షేక్‌స్పియర్ నాటకాల పరిష్కర్త. 1870లో మాటల వాడుక మీద ఒక పుస్తకం ప్రకటించాడు. యుద్ధ విలేఖరుల వాడుక వల్లనే ఈ మాట చెడిపోయిందనీ, పదింట ఒకరు చస్తేనే ఈ క్రియ వాడాలనీ, ఏ సంహారానికైనా దీనిని తగిలించడం నవ్వులపాలు కావడమేననీ ఆయన వాదం. అప్పటి నుండి ఇది బడిపంతుళ్ళకు, పత్రికా సంపాదకులకు ఒక నియమంగా మారింది. ఇంగ్లాండులో ఫౌలర్ అనే వ్యాకర్త 1926లో మధ్యేమార్గం చెప్పాడు. పెద్ద ఎత్తు నాశనానికి ఈ మాట వాడవచ్చును, కాని దాని పక్కన వేరొక భిన్నమో శాతమో పెట్టి 'ఎనభై శాతం డెసిమేట్ అయింది' అనడం మాత్రం పొసగదు అన్నాడు.

1961లో మెరియమ్ కంపెనీవారు వెబ్‌స్టర్ మూడవ అంతర్జాతీయ నిఘంటువును ప్రకటించారు. సంపాదకుడు ఫిలిప్ గోవ్. జనం ఎట్లా మాట్లాడుతున్నారో రాయడమే నిఘంటువు పని, ఎట్లా మాట్లాడాలో చెప్పడం కాదు అన్నది ఆయన మార్గం. దేశంలో పెద్ద పత్రికలు ఆయన మీద విరుచుకుపడ్డాయి. దానికి పోటీగా 1969లో అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు వచ్చింది. వారు సుమారు వందమంది రచయితలను, పండితులను ఒక పంచాయతీగా కూర్చి, తగవు మాటల మీద ఓటు అడిగారు. 1992 నాటి మూడవ కూర్పులో మన మాట మీద తీర్పు ఉన్నది. మనుషుల చావు పదవ వంతు కంటే చాలా ఎక్కువైనప్పుడు ఈ క్రియ వాడటానికి 66 శాతం ఒప్పుకున్నారు. చంపడం కాక సరుకుల వంటివి నాశనమైనప్పుడు వాడటానికి 26 శాతమే ఒప్పుకున్నారు. 2008లో మిషిగన్‌లోని లేక్ సుపీరియర్ విశ్వవిద్యాలయం వారు ఏటా వేడుకగా ప్రకటించే 'బహిష్కరించవలసిన మాటల' పట్టికలో దీనినీ చేర్చారు. జనం లెక్కచేయలేదు. నేటి అమెరికన్ నిఘంటువులలో పాత శిక్ష, పాత పన్ను, కొత్త నాశనం అన్నీ ఒక దాని కింద ఒకటి నిలిచి ఉన్నాయి.

అంకె ఎక్కడికి పోయింది?

ఈ తగాదాలో రెండు పక్షాలవారూ మాట గురించే మాట్లాడారు. ఆ మాట ఎవరి చావుకు వాడారో వారి గురించి తక్కువ మాట్లాడారు. మనకు ముఖ్యమైనది అది.

1837 వేసవిలో అమెరికన్ ఫర్ కంపెనీ వారి పొగ ఓడ 'సెయింట్ పీటర్స్' మిస్సోరీ నది వెంట ఎగువకు పోయింది. దానిలో మశూచి కూడా ప్రయాణం చేసింది. నేటి నార్త్ డకోటా రాష్ట్రంలో నది ఒడ్డున మండాన్ అనే స్వదేశీ జాతివారు మట్టి ఇళ్ళు కట్టుకొని, మొక్కజొన్న పండించుకొని బ్రతికేవారు. రోగానికి ముందు వారు సుమారు 1,600 నుండి 2,000 మంది. రోగం తగ్గిన తరువాత మిగిలినవారు నూట యాభైకి మించరు. కాలిఫోర్నియాలో 1846 ప్రాంతంలో లక్షా యాభై వేలు ఉన్న స్వదేశీయులు 1870 దశకం నాటికి ముప్పై వేలకు దిగిపోయారు. రోగం, ఆకలి, వెట్టిచాకిరి, తుపాకి కలిసి ఈ పని చేశాయి. తరచుగా ఈ చరిత్రలను చెప్పేటప్పుడు 'స్వదేశీయులు డెసిమేట్ అయ్యారు' అని ఒక్క ముక్కలో తేల్చివేస్తారు.

పాత అర్థం తీసుకుంటే మండాన్ జాతిలో పదింట తొమ్మిదిమంది మిగిలినట్లు. నిజంగా మిగిలింది పదింట ఒక్కడు, అంతకంటే తక్కువ. అంకె తలకిందులైంది. కొత్త అర్థం తీసుకుంటే 'చాలామంది పోయారు' అని మాత్రమే తెలుస్తుంది. చాలామంది అంటే ఎంతమంది? ఎవరి వల్ల? రోము శిక్షలో చంపమన్నవాడు ఉన్నాడు, చీటీ ఉన్నది, కొట్టినవాడు ఉన్నాడు. నేటి వాడుకలో వీరెవరూ కనిపించరు. ఏదో గాలి వీచి మనుషులు రాలిపోయినట్లు ఉంటుంది.

మన ఇంటి మాటలు

అయితే వైట్ గారితో కలిసి, పాత అర్థాన్నే పట్టుకొని కూర్చోవాలా? మాకు అట్లా తోచడం లేదు. మాట అర్థం మారడం నేరం కాదు. మన ఇంట్లోనే చూద్దాము. మన జానపద కథలలో రాజుకు కోపం వస్తే 'వీణ్ణి కొరత వేయండి' అంటాడు. మొనదేలిన కొయ్య మీద మనిషిని గుచ్చి చంపే పాత శిక్ష అది. నేడు కొరత అంటే మనకు నీటి కొరత, బియ్యం కొరత. రెండూ చెవికి ఒకే మాట. రాజు కొరత మరుగున పడింది, లేమి కొరతే వాడుకలో నిలిచింది. 'ఊచకోత'లో ఉన్నది చేను కోసే మాట. అది మనుషుల సంహారానికి పేరు అయింది. ఒక శిక్ష పేరు పలచబడి పత్రికల మాట కావడం ఆంగ్లంలో జరిగితే, పొలం మాట రక్తం పులుముకోవడం తెలుగులో జరిగింది.

కూలి అంటే తెలుగులో చేసిన పనికి వచ్చే డబ్బు. చెమటోడ్చి తెచ్చుకున్న గౌరవమైన సంపాదన. ఓడ దిగేసరికి అది మనిషికే పేరైంది, నటాల్‌లో తిట్టు అయింది. 'అగ్రిమెంట్' అన్న కచేరీ మాట మనవారి నోట 'గిరిమిట్' అయింది. ఐదేండ్ల ఒప్పందపు కాగితం పేరు ఒక తరం బ్రతుకంతటికీ పేరుగా మారింది. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగువాడి పేరైంది. ఆంధ్రదేశం నుండి వచ్చిన వారెవరైనా మన మాటలు విని 'ఇది సరియైన తెలుగు కాదు' అన్నప్పుడు మన పిల్లలు సిగ్గుపడి నోరు మూసుకోవడం మనం చూస్తూనే ఉన్నాము. ఆ సిగ్గు అక్కరలేదు. వెబ్‌స్టర్ తన దేశపు ఆంగ్లానికి ఇచ్చిన ధైర్యం మనం మన తెలుగుకు ఇచ్చుకోవచ్చు. జనం వాడితే మాట బ్రతుకుతుంది, వాడకపోతే చస్తుంది. వాడేవారిని నవ్వి ఆపితే మిగిలేది శుద్ధమైన తెలుగు కాదు, మౌనం.

మాట మారవచ్చును, లెక్క మారరాదు

కాని ఒక హద్దు ఉన్నది. మాట తన అంకెను పోగొట్టుకున్నప్పుడు, ఆ అంకెను మనం వేరుగా చెప్పాలి. లేకపోతే చచ్చినవారికి అన్యాయం చేసినవారమవుతాము.

1832–33 నాటి నందన కరువును గుంటూరు సీమవారు డొక్కల కరువు అన్నారు. ఎముకలు తేలిన కరువు అని అర్థం. ఆ జిల్లాలో సుమారు ఐదు లక్షల జనంలో లక్షన్నరకు తక్కువ కాకుండా చనిపోయారని అప్పటి లెక్కలు. పదింట ముగ్గురు. ఆ వెంటనే, 1834లో, మారిషస్‌కు ఒప్పందపు కూలీల రవాణా మొదలైంది. తీరాంధ్ర పల్లెలలో మనుషులు ఓడ ఎందుకు ఎక్కారో తెలియాలంటే 'కరువు వచ్చింది' అంటే చాలదు, 'కరువు డెసిమేట్ చేసింది' అన్నా చాలదు. పదింట ముగ్గురు అని చెప్పినప్పుడే వెనుక మిగిలిన ఏడుగురి ముఖాలు కనబడతాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉన్నది. 1884 మే 11న కలకత్తా నుండి ఫిజీకి కూలీలను తీసుకువస్తున్న 'సిరియా' ఓడ నసిలై దిబ్బకు కొట్టుకొని పగిలింది. ప్రయాణికులు ఐదు వందలకు కొంచెం తక్కువ. నావికులతో కలిపి 59 మంది మునిగిపోయారు. తెలుగువారు ఫిజీకి రావడం 1903 తరువాత గనుక ఆ ఓడలోనివారు ఎక్కువగా హిందుస్తానీలు, అయినా గిరిమిట్ బంధువులు. లెక్క వేస్తే పదింట ఒకరికి కాస్త పైమాట. అంటే రోము శిక్ష పరిమాణం అంత. ఫిజీలో ఆ ఓడను ఇప్పటికీ తలచుకుంటారు. పదవ వంతు చిన్నదని ఎవరనగలరు? రోము సేనాని ఆ సంఖ్యను ఎంచుకున్నది అది చాలినంత పెద్దది కనుకనే. ప్రతి జట్టులో ఒక ఖాళీ, ప్రతి ఒక్కరికీ తెలిసిన ఒక ముఖం.

మన అదృష్టం ఏమంటే, మనల్ని అంకెలుగా చూచిన దొరతనమే ఆ అంకెలను కాగితం మీద దాచి ఉంచింది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడలో 342 మంది. జాబితాలో ప్రతి మనిషికీ ఒక వరుస ఉన్నది. మారిషస్‌లో మోకా దగ్గరి మహాత్మా గాంధీ సంస్థలో వలస దస్తరాలు, కూలీల ఛాయాచిత్రాలు ఉన్నాయి. ఫిజీ జాతీయ దస్తరాలయంలో వలస పాసులు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామం, వాటి ముందు ఒక సంఖ్య. గుమాస్తా తన చెవికి తోచినట్లు రాసిన పేర్లలో మన ఇంటిపేరును పోల్చుకోవడం కష్టమే. ఆ సంఖ్య దొరికితే తక్కిన వివరం దొరుకుతుంది.

అందుచేత మా మనవి ఇంతే. ఇంట్లో పిల్లలు ఆంగ్లంలో 'డెసిమేట్' అన్నప్పుడు అది తప్పని దిద్దవద్దు. 'ఎంతమందిలో ఎంతమంది?' అని ఒక్క ప్రశ్న అడగండి. ఇంకొంచెం ఓపిక ఉంటే 'ఎవరి చేత?' అని రెండవ ప్రశ్న అడగండి. మన పెద్దల కథ చెప్పేటప్పుడు కూడా ఆ రెండు ప్రశ్నలూ వేసుకుందాము. ఏ ఓడ, ఏ సంవత్సరం, ఎందరు ఎక్కారు, ఎందరు దిగారు, తోటలో ఎందరు పోయారు, ఎందరు ఐదేండ్లు నిండి బయటపడ్డారు అని కుటుంబం కుటుంబం రాసి పెట్టుకుందాము. తెలుగు ఏ రూపంలో వస్తే ఆ రూపంలో రాద్దాము. అంకెలు మాత్రం సరిగా రాద్దాము.